సరంగు ‘నువ్వు’ అనడు

మార్చి 2, ఆదివారం

ఇవాళ కారు నేర్చుకున్నాను. నేను కాదు, సరంగు నేర్చుకున్నాడు. నాకైతే స్టీరింగ్ ఎటు తిప్పితే ఎటు పోతుందో ఇప్పటికీ తెలియదు.

ఏదో ఒకరోజు అమ్మ గట్టిగా నిలదీస్తుంది. అప్పుడు తడబడకుండా చెప్పాలి కాబట్టి ఇక్కడ రాసి చూసుకుంటున్నాను. అమ్మా, ఫోన్లో ఒక ఆట ఉంది. అందులో ఒక నది, నది మీద పడవ, పడవ నడిపే సరంగు. పొడుగు నీలం కోటు, నుదుటి మీద పడే జుట్టు, ఎప్పుడూ పెంచని గొంతు. ఆడేవాళ్లందరూ ఆయన పడవలో ప్రయాణికురాళ్లు. రేవు నుంచి రేవుకి వెళ్లడమే, వేరే కథేం లేదు. కానీ ఆయనంటే పడి చచ్చిపోయేవాళ్లున్నారు. వాళ్లకో గ్రూపు ఉంది. అందులో ఎవరైనా ‘తోడు కావాలి’ అని రాస్తే, డబ్బు తీసుకుని, ఆ కోటు తొడుక్కుని, ఆ జుట్టు పెట్టుకుని, ఒక పూట సరంగునై వాళ్లతో తిరిగొస్తాను. అవసరమైతే చెయ్యి పట్టుకుంటాను, అంతకు మించి ఏమీ లేదు. పిలిచేవాళ్లందరూ ఆడవాళ్లే. నేనూ ఆడదాన్నే గనక వాళ్లకి భయం లేదు, నాకూ లేదు. వారమంతా కర్టెన్లు కుట్టుకునే దాన్ని, ఆదివారం ఇదో పని. పనంటే పనే.

ఇంత రాసినా లాభం లేదు. అమ్మ ‘పడి చచ్చిపోయేవాళ్లు’ దగ్గరే ఆపేస్తుంది.

ఇవాళ పిలిచినావిడ డ్రైవింగ్ స్కూల్లో కారు నేర్పిస్తారు. యాభై దాటి ఉంటాయి. గ్రూపులో అందరూ క్లచ్ అక్క అంటారు. ఎవరు ఏ బాధ వెళ్లబోసుకున్నా ‘ముందు క్లచ్ నొక్కు, తర్వాత మాట్లాడుకుందాం’ అని రాస్తారు మరి. మామూలుగా ఏ కాఫీ షాపులోనో కూర్చోబెట్టి ఫొటోలు దిగుతారు. ఈవిడ స్కూలు కారేసుకుని వచ్చి, దిగి, డ్రైవరు వైపు తలుపు తెరిచి పట్టుకున్నారు.

“కూర్చోండి సరంగు గారూ.”

“పడవ నాది కదండీ. ఎక్కాల్సింది మీరు” అన్నాను, ఆయన గొంతుతో.

“ఆరేళ్ల నుంచి మీరే నడుపుతున్నారు. ఒక్క పూటైనా నేను చెప్పింది మీరు వినండి.”

ఇంకేం చేస్తాను, కూర్చున్నాను. కారు ఎగిరెగిరి పడింది. పడవ కంటే ఎక్కువ ఊగింది. “క్లచ్! క్లచ్చంటే వినపడదా? అది బ్రేకు నాయనా! అంటే... అది బ్రేకండీ” అని ఆవిడ మధ్యలో నాలుక్కరుచుకున్నారు. నవ్వు ఆపుకోలేక చచ్చాను. సరంగు నవ్వడు, సగం పెదవితో ఊరుకుంటాడు. కోటు లోపల చెమట కారిపోతోంది. షాపులో మిగిలిన బ్లాకౌట్ కర్టెన్ గుడ్డతో నేనే కుట్టాను దాన్ని. ఎండని లోపలికి రానివ్వదు, చెమటని బయటికి పోనివ్వదు.

తర్వాత గోడౌన్ల వెనక ఖాళీ రోడ్డు మీద ఆపించారు. ఇంజన్ కట్టేసి, చేతులు ఒళ్లో పెట్టుకుని, ఊరికే నన్ను చూశారు.

“ఆటలో నాకు మూడు మాటలే ఇస్తారండీ. సరే, వద్దు, మౌనం. ఏదో ఒకటి నొక్కాలి. ఇన్నేళ్లలో మీతో నా నోటితో ఒక్క ముక్క మాట్లాడలేదు.”

“ఇప్పుడు మాట్లాడండి. వింటాను.”

మాట్లాడారు. గొంతు బొంగురు, మాటమాటకీ జీరపోతోంది, అయినా ఆగలేదు. పెద్ద రహస్యాలేం కావు. పొద్దున్నే కారు తుడుస్తుంటే బానెట్ మీద ఆకాశం ఎలా కనిపిస్తుందో. ఎవరి పెళ్లికి బయల్దేరి సగం దారిలో వెనక్కి వచ్చేశారో. నేర్చుకోవడానికొచ్చిన వాళ్ల చేతిలో బండి మొదటిసారి మెత్తగా సాగినప్పుడు వాళ్ల ముఖం ఎలా అవుతుందో. ఇవన్నీ ఎవరికైనా చెప్పుకునే మాటలే, కానీ ఎవరికీ చెప్పలేదట, ఆయన కోసం దాచి ఉంచారట. ఆ చూపు నా మీద లేదు. నా లోపల ఇంకెవరో కూర్చుని ఉంటే ఆయన్ని చూస్తున్నట్టు ఉంది. ఆ కాసేపూ కారులో మేం ఇద్దరమే ఉన్నామంటే నేను ఒప్పుకోను.

ఇంటికొచ్చి అమ్మని “మీరు తిన్నారా?” అని అడిగానట.

“తల్లిని మీరు అంటావేంటే? నేనేమన్నా పక్కింటావిడనా?”

సరంగు అందరినీ మీరు అంటాడు. చంటిపిల్లల్ని, కుక్కని, ఆఖరికి వానని కూడా. ‘వాన గారూ, మీరు కాస్త ఆగండి’ అంటాడు, గొడుగు తెరుస్తూ. ఆట మొత్తం మీద ఒక్క ‘నువ్వు’ లేదు. ఏదో ఒక రేవులో అంటాడని గ్రూపులో ఏళ్ల తరబడి గాలిస్తున్న వాళ్లున్నారు. దొరకలేదు. అందుకే నోరు జారకుండా ఆదివారాలు లేవగానే మీరు మొదలుపెడతాను. సాయంత్రానికి వదలదు.

మార్చి 5, బుధవారం

కొత్త అపార్ట్‌మెంట్లో కొలతలు తీసుకొచ్చాను. అన్నీ ఒకే కిటికీలు, ఒక్కొక్కరికి ఒక్కో రంగు. క్లచ్ అక్క గొంతు అంత బొంగురుగా ఉందేంటో. జలుబన్నారు. జలుబే అయ్యుంటుంది, నాకెందుకు.

మార్చి 9, ఆదివారం

మళ్లీ పిలిచారు. మళ్లీ కారే.

ఇవాళ బండి సాగింది! ఎగరలేదు, ఆగిపోలేదు. కాలు నెమ్మదిగా లేపుతుంటే ఒకచోట కారు లోపల ఏదో అందుకున్నట్టు సన్నగా వణికింది. “అదే, అదే! అక్కడే ఆపు కాలు! దాన్ని పట్టుకో!” అని ఆవిడ నెమ్మదిగా అరిచారు, నెమ్మదిగా అరవడం అంటూ ఒకటి ఉందని ఇవాళే తెలిసింది. మర్యాదలు కూడా మర్చిపోయారు. కారు మెత్తగా ముందుకి జారింది. ఆవిడ ఇటు తిరిగి నా ముఖం చూశారు. అందరి ముఖాలూ ఎలా అవుతాయని చెప్పారో నాదీ అలాగే అయ్యుంటుంది. నాదో, సరంగుదో.

తర్వాత గోడౌన్ల వెనక ఆపించి, ఆరేళ్ల మాటల్లో ఇంకొన్ని చెప్పారు. నీళ్లు తాగడానికి అవస్థ పడ్డారు. మింగేటప్పుడు కళ్లు మూసుకున్నారు.

నా కోసం ఎవరైనా అలా ఆరేళ్లు మాటలు దాచి పెట్టారా? ఏంటీ పిచ్చి ప్రశ్న. పనంటే పనే.

మార్చి 16, ఆదివారం

జలుబు కాదు.

గోడౌన్ల వెనక, ఇంజన్ కట్టేశాక, ఎవరిదో సంగతి చెప్తున్నట్టు చెప్పారు. “గొంతులో గడ్డండీ. అరిచి అరిచి పోయిందనుకున్నా, మా పనిలో అందరికీ పోయేదే కదా అని. ఈలోపు అది లోపల కుదురుగా కాపురం పెట్టేసింది.”

“డాక్టరు ఏమన్నారు?”

“మాట పుట్టే డబ్బా మొత్తం తీసేస్తారట. ఇక్కడో కన్నం పెడతారు.” మెడ గుంటలో వేలు పెట్టి చూపించారు. “ఊపిరి ఇందులోంచే. మాట ఉండదు. తర్వాత ఏదో మిషన్ ఆనించుకుంటే గరగరమని వస్తుందట, పాడైపోయిన రేడియోలాగా. తీయించుకోకపోతే ఎక్కువ రోజులు ఉండనన్నారు. వచ్చే నెల మొదటి శుక్రవారం రమ్మన్నారు. నేను వెళ్లట్లేదు.”

సరంగు చాలాసార్లు మాట్లాడడు, కాబట్టి బతికిపోయాను.

“తమ్ముడు రోజూ ఏడుస్తున్నాడు. మరదలు కాళ్లు పట్టుకుంది. స్కూలు ఓనరు కూడా వెళ్లమంటున్నాడు, వెళ్లాక మూగదాన్ని ఏ సీట్లో కూర్చోబెడతాడో మాత్రం చెప్పడు. నాకు అది కూడా కాదండీ బాధ. ఆటలో నాకు గొంతు లేదు. బయట ఉన్నది ఈ ఒక్కటే. ఇది కూడా ఇచ్చేస్తే ఇంక నేనెక్కడుంటాను?” కళ్లలో నీళ్లు లేవు. నా వైపు తిరిగి చేతులు కట్టుకుని కూర్చున్నారు. “మీరు చెప్పండి సరంగు గారూ. వెళ్లమంటారా, వద్దా?”

ఆయన ఏమంటాడో నాకు తెలుసు. గ్రూపులో చిన్నపిల్లనడిగినా చెప్తుంది. ప్రయాణికురాలు ఏం అడిగినా ఆయన జవాబు ఒక్కటే, చేతుల మీద పచ్చబొట్లు పొడిపించుకునేంత ఇష్టమైన జవాబు.

“రేవు మీదండీ. పడవ నాది” అన్నాను. ఏ రేవులో దిగాలో మీ ఇష్టం, దించడం వరకే నా పని అని.

ఆవిడ ముఖం ఎంత తేలికపడిందో! “అదీ. మీరొక్కరే నన్ను బలవంతపెట్టరు” అన్నారు. నేను దిగేముందు నా చెయ్యి రెండు చేతులతో పట్టుకుని కళ్లకద్దుకున్నారు.

పాత్రలోంచి దిగలేదు. మంచి పనే చేశాను.

మార్చి 17

మంచి పనే చేశాను.

మార్చి 18, మంగళవారం

మా గ్రూపులో తోడు పనులన్నీ కుదిర్చే అమ్మాయికి ముక్కుపుడక అని పేరు. ఆమెకి ఫోన్ చేసి జరిగింది చెప్పాను. “నువ్వు డాక్టరువా?” అంది. కాదన్నాను. “వాళ్ల తమ్ముడివా?” కాదు. “మరింకేంటి? ఆవిడకి సలహాలిచ్చేవాళ్లు ఇంటినిండా ఉన్నారు. సరంగు ఒక్కడే లేడు, అందుకు మనల్ని పిలిచింది. పాత్రలోంచి దిగావంటే ఆవిడకి ఆయన కూడా లేకుండా పోతాడు. దిగకు.”

సబబుగానే ఉంది. ఎటునుంచి చూసినా సబబుగానే ఉంది.

షాపులో ఇవాళ కర్టెన్ తలకిందులుగా కుట్టాను. కింద ఉండాల్సిన అంచు పైకి పెట్టి, పైన ఉండాల్సిన రింగులు కిందికి. ఓనరు దాన్ని ఎత్తి పట్టుకుని “ఇది నేలకి తగిలించుకోవాలామ్మా?” అన్నాడు. అందరూ నవ్వారు. నేను బాత్రూమ్‌లోకి వెళ్లి ఏడ్చాను. కర్టెన్ గురించే.

మార్చి 20

ఇంత చిన్న మాట. రేవు మీది. ఒక మనిషి చావడానికి సరిపోయేంత మర్యాద ఉంటుందా? ఉంటుందని నాకు తెలియదు.

మంచి పనే చేశాను.

మార్చి 23, ఆదివారం

రాస్తే కుదుటపడతానేమో.

ఇవాళ ఆవిడ ఎత్తు మీద బండి ఎక్కించడం నేర్పిస్తానన్నారు. ఫ్లైఓవర్ మీదికి సగం ఎత్తు ఎక్కాక ముందు బళ్లు ఆగిపోయాయి. వెనక లారీ, మా అద్దం నిండా దాని ముఖమే. ముందు బళ్లు కదిలాయి. నేను బ్రేకు మీంచి కాలు తీశాను. కారు వెనక్కి జారింది. ఏం చేయాలో ఒక్కటీ గుర్తు రాలేదు, కాళ్లు రెండూ నావి కాకుండా పోయాయి. ఆవిడ వైపు చూశాను. ఆవిడ నోరు తెరిచి ఉంది. క్లచ్ అంటోంది ఆ నోరు. శబ్దం లేదు. ఉత్త గాలి.

కారు ఆగింది. స్కూలు కారు కదా, ఆవిడ వైపు కూడా బ్రేకు ఉంటుంది. ఆవిడ కాలు దాని మీద నిటారుగా ఉంది. లారీ వాడు కిందికి దిగి వచ్చి, నా కోటూ జుట్టూ చూసి, తిట్టబోయిన తిట్టు సగంలో మింగి వెళ్లిపోయాడు. ఆవిడ చేత్తో చూపిస్తూ ఉంటే ఎలాగో పైకి ఎక్కించి, అవతల కిందికి దించి, పక్కన ఆపాను.

చాలాసేపటికి ఆవిడ గొంతు తిరిగొచ్చింది, గుసగుసంత. నవ్వారు కూడా. “చూశారుగా. ఒక్క క్షణం గొంతు రాకపోతే నా బతుకు ఇదీ. మాట లేని మనిషి దేనికి పనికొస్తుందండీ?”

అప్పుడొచ్చింది నాకు కోపం. అంత కోపం నాలో ఉందని కూడా తెలియదు.

“బ్రేకు తొక్కింది ఎవరు? నీ గొంతా? నువ్వు! గొంతు పోయింది, అయినా ఆపావు! నన్ను చావకుండా ఆపింది నువ్వు, నీ కాలు, నువ్వు! వెళ్లి ఆ ఆపరేషన్ చేయించుకో. గొంతు పోతే పోనీ. నాకు నువ్వు కావాలి. నువ్వుండాలి!”

అన్నాక వినపడింది నాకు. ఎన్ని నువ్వులు! మా అమ్మ వయసు మనిషిని. కోటు ఒంటి మీదే ఉంది. జుట్టు చెదరలేదు. అద్దంలో సరంగు ముఖం సరంగులాగే ఉంది. నడి రోడ్డు మీద, పట్టపగలు, ఆయన నువ్వు అన్నాడు.

ఆవిడ “ఎవరన్నారది?” అని అడిగింది, లోగొంతుకతో.

నాకు నిజంగా తెలియలేదు. ఆ మాట అన్న గొంతు ఆయనదో నాదో ఒట్టేసి చెప్పమన్నా చెప్పలేను. కారులో ముగ్గురం ఉన్నామనే అనుకున్నానా, ఆ క్షణాన ఆ ముగ్గురిలో ఎవరు ఎవరో తెలియలేదు. నోరు తెరిస్తే ఏడుపు వచ్చేలా ఉంది, తలొంచుకున్నాను.

“మళ్లీ అనమ్మా” అంది.

“నువ్వు” అన్నాను.

ఏదో పెద్ద చప్పుడు విన్నట్టు కళ్లు మూసుకుంది. నన్ను సీటు మారమని, తనే నడుపుతూ మా వీధి చివర దించేసి వెళ్లిపోయింది. చేయించుకుంటాననలేదు, చేయించుకోననలేదు.

కోటు విప్పకుండానే ఇంట్లోకి వచ్చేశాను. అమ్మ నన్ను పైనుంచి కింది దాకా చూసి, “ఎవరబ్బాయ్ నువ్వు? మా పిల్ల కోసమా? అది ఇంట్లో లేదు” అంది. నేను ఏడ్చాను. ఇన్నాళ్లూ రాసి చూసుకున్న జవాబు ఒక్క ముక్క గుర్తు రాలేదు, తలాతోకా లేకుండా అంతా చెప్పేశాను. అమ్మ జుట్టు పిన్నులు ఒక్కొక్కటీ తీస్తూ విన్నది. చివర్లో “ఆవిడ బతకాలని నిజంగా ఉందా నీకు?” అని అడిగింది. ఉందన్నాను. “మరి దొంగ మాట కాదుగా. డబ్బు తీసుకుని చెప్తే నిజం అబద్ధమైపోతుందా? డాక్టరు మాత్రం ఊరికే చెప్తున్నాడా? లే, ముఖం కడుక్కో, రంగు కారుతోంది.”

ఇప్పుడు రాస్తుంటే తట్టింది. మళ్లీ అనమ్మా, అంది. సరంగుని ఎవరైనా అమ్మా అంటారా?

మార్చి 25, మంగళవారం

ముక్కుపుడకకి ఒప్పేసుకున్నాను. “దిగిపోయాను. నువ్వు అన్నాను.”

చిన్న గొంతుతో, “సరంగు వేషంలోనా? కోటుతోనా?” అంది.

“కోటుతోనే.”

“ఎలా ఉందే? వినడానికి ఎలా ఉంది?”

తిడుతుందనుకుంటే ఇదీ వరస! తర్వాత తనే తేరుకుని, గ్రూపులో ఒక్క ప్రాణికి చెప్పినా ఊరుకోనని, ఆవిడ ఫిర్యాదు చేస్తే నన్ను తీసేయక తప్పదని గంభీరంగా చెప్పింది. పెట్టేసే ముందు మాత్రం “ఆరేళ్లు వెతికాం” అంది, తనలో తను.

మార్చి 27

ఫిర్యాదు లేదు. కబురూ లేదు.

మార్చి 30, ఆదివారం

పిలవలేదు. గ్రూపులో కూడా కనపడటం లేదు. ఎవరో పరీక్ష తప్పానని రాస్తే ఎవరూ క్లచ్ నొక్కమనలేదు.

డ్రైవింగ్ స్కూలు ముందు నుంచి బస్సులో వెళ్లాను. కారు ఉంది. లోపల ఎవరో మగాయన నేర్పిస్తున్నాడు. బస్సు దిగాలనుకుని దిగలేదు. ఏమని అడుగుతాను? నేనెవరినని చెప్తాను? సరంగుకి ఆవిడతో చుట్టరికం ఉంది. నాకేముంది?

మర్యాదగా ఉండి ఉంటే కనీసం ఆయనైనా మిగిలేవాడు ఆవిడకి.

ఏప్రిల్ 2, బుధవారం

ముక్కుపుడక మెసేజ్: ‘క్లచ్ అక్క నుంచి. శుక్రవారం పొద్దున. పెద్దాసుపత్రి, మూడో అంతస్తు. కోటుతో రావాలట.’

కుట్టు మిషన్ మీద తల పెట్టుకుని ఉండిపోయాను. ఓనరు కంగారుపడి “ఏమైందమ్మా?” అన్నాడు. “వెళ్తోంది సార్, వెళ్తోంది!” అన్నాను. ఎవరు, ఎక్కడికి అని పాపం అడగలేదు. శుక్రవారం సెలవు ఇచ్చాడు.

ఏప్రిల్ 4, శుక్రవారం

ఇది మొత్తం రాయాలి. ఒక్క ముక్క పోకూడదు.

గేటు దగ్గర సెక్యూరిటీ ఆయన “నాటకం ఆడిటోరియంలోనా?” అన్నాడు. “మూడో అంతస్తులోనండీ” అన్నాను. ఎందుకో పక్కకి జరిగి దారిచ్చాడు.

తమ్ముడు లిఫ్ట్ దగ్గరే నిలబడి ఉన్నాడు. ముక్కు, నుదురు అచ్చం అక్కవే, తల నెరిసిన మనిషి. నన్ను చూసి ఏం చేయాలో తెలియక దణ్ణం పెట్టేశాడు. “సరంగు గారు మీరేనా? అక్క చెప్పింది. మేమంతా చెప్తే వినలేదండీ. మీరేం చెప్పారో...” అని ఆగిపోయాడు. ఆ మనిషి ముందు నాకు పాత్రా రాలేదు, నేనూ రాలేదు. చెయ్యి పట్టుకున్నాను.

క్లచ్ అక్క ట్రాలీ మీద ఉంది, ఆకుపచ్చ గౌను, తలకి టోపీ. పొద్దున్నుంచీ మాట్లాడుతూనే ఉందట. గ్యాస్ ఎక్కడ కట్టేయాలి, ఏ స్టూడెంటుకి రివర్సు రాదు, మరదలికి ఏ చీర ఇవ్వాలి, అన్నీ. గుసగుస, బొంగురు, గాలి, ఏది వస్తే దాంతో. మరదల్ని దగ్గరికి పిలిచి చెవిలో ఏదో చెప్తే ఆమె ఏడుస్తూ నవ్వింది. తర్వాత వాళ్లని కాసేపు బయటికి వెళ్లమంది.

నేను ట్రాలీ పక్కన నిలబడ్డాను. సరంగు నిలబడేలాగే, చేతులు వెనక కట్టుకుని. నన్ను ఆనవాలు పడుతున్నట్టు కోటు గుండీలన్నీ ఒక్కొక్కటీ చూసింది.

“ఇన్నేళ్లు తిప్పారు. దండాలు మీకు” అంది ఆయనతో. “ఇప్పుడు మీరు కాసేపు బయట కూర్చోండి సరంగు గారూ. నాకు ఆ అమ్మాయితో పనుంది.”

ఎలా వెళ్తాడు ఆయన? కోటు నా ఒంటి మీదే ఉంది, జుట్టు నా తల మీదే ఉంది. కానీ వెళ్లాడు. ఎవరూ నమ్మకపోతే మానె, నేను చూశాను. వెనక కట్టుకున్న చేతులు వాటంతటవే విడిపోయాయి. భుజాలు దిగాయి. కాళ్ల మీద నా బరువు నాకు తెలిసింది.

“వెళ్లారా?”

“వెళ్లారక్కా.”

“నీ పేరేంటి?”

ఈ పనిలో ఎవరూ అడగరు. అడిగినా చెప్పకూడదు. చెప్పాను. మూడక్షరాలు, మధ్యలో ఒక వత్తు. స్కూల్లో సగం మంది తప్పు పలికేవాళ్లు. ఇంట్లో అమ్మ ఏనాడూ పూర్తిగా పిలవలేదు, ఒసేయ్ అనో ఏమే అనో అంటుంది.

అక్క పలికింది. మొదటి అక్షరం వచ్చింది, వత్తు దగ్గర గొంతు తెగిపోయింది, ఉత్త గాలి వచ్చింది. తన మీద తనకే చిరాకు పుట్టి చెయ్యి ఎత్తి నన్ను ఆగమంది, నేర్చుకునేవాళ్లని ఆపినట్టే. మింగింది. కళ్లు గట్టిగా మూసుకుంది. మళ్లీ. ఈసారి వత్తు దాకా వచ్చింది, చివర పోయింది. నేను ‘వద్దక్కా, చాలు’ అనబోయాను, కానీ ఆ ముఖం చూశాక అలా అనడానికి నేనెవరిని? మూడోసారి నెమ్మదిగా, బండిని ఎత్తు ఎక్కిస్తున్నట్టు, ఎక్కడా వెనక్కి జారనివ్వకుండా, మొత్తం పలికింది. బొంగురుగా. పూర్తిగా.

“అదీ” అనలేదు. ఏమీ అనలేదు. పెదవులు మూసుకుని, వాటి మీద వేలు పెట్టుకుంది.

నర్సు కాగితం పట్టుకుని వచ్చింది. “పేరు చెప్పండమ్మా, లోపలికి తీసుకెళ్లే ముందు మీ నోటితో చెప్పాలి.” అక్క తల అడ్డంగా ఊపి, చేతికి కట్టిన పట్టీ చూపించింది. “నోరు నొప్పిగా ఉందా?” కాదని ఊపింది. నర్సు పట్టీ మీద చదువుకుని టిక్కు పెట్టుకుంది. తమ్ముడు “అక్కా” అన్నాడు, అక్క అతని చెంప మీద అరచెయ్యి పెట్టి ఉంచింది, మాట మాత్రం రానివ్వలేదు. తలుపులు మూసుకునేదాకా ఆ నోరు తెరవలేదు.

అప్పుడు అర్థమైంది నాకు. ఆ గొంతు ఆఖరిగా పలికింది నన్ను.

గోడకి చేరబడి నిలబడ్డాను. ఎంతసేపో. ఇంత పెద్దది నాకెందుకు ఇచ్చింది? నేనేం చేశానని? పూటకీ అరపూటకీ తోడు పోయే మనిషిని. నా చేతులు చూసుకున్నాను, సూది గుచ్చుకున్న మామూలు చేతులే. భయం వేసింది, సంతోషం వేసింది, ఆ రెండూ కాని ఇంకేదో కూడా వేసింది. దానికి నా దగ్గర మాట లేదు.

సాయంత్రం తమ్ముడు ఫోన్ చేశాడు. గడ్డ మొత్తం తీసేశారట. కళ్లు తెరిచిందట.

ఏప్రిల్ 5

కళ్లు తెరిచింది. కళ్లు తెరిచింది.

ఏప్రిల్ 13, ఆదివారం

ఇవాళ మామూలు బట్టల్లో వెళ్లాను. వెళ్లేముందు కోటు దాకా చెయ్యి వెళ్లింది, తీసుకోలేదు. ఎవరూ పిలవలేదు, ఎవరూ డబ్బు పంపలేదు, నా అంతట నేనే వెళ్లాను. గుర్తుపడుతుందో లేదోనని మెట్ల మీద రెండుసార్లు ఆగాను. వార్డు గుమ్మంలోనే చూసి రమ్మని చెయ్యి ఊపింది.

మెడకి పలచటి గుడ్డ కట్టారు. ఊపిరి తీస్తే దాని కింద సన్నటి ఈల. ముక్కులో గొట్టం. పలకా బలపం మంచం మీదే ఉన్నాయి, వాటితో నర్సుల్ని అప్పుడే హడలగొడుతోందట. స్కూలు ఓనరు వచ్చి సీటు ఉందన్నాడట, కారులో బెల్లు పెట్టిస్తే కొట్టి చెప్తానని రాసిచ్చిందట. తమ్ముడు నవ్వుతూ చెప్పాడు, చెప్పి కిందికి మందులకి వెళ్లాడు.

నేను నీళ్ల సీసా కడిగి తెచ్చి బల్ల మీద పెడుతున్నాను. ఎందుకో తలెత్తాను. అక్క పలక తీసుకోలేదు. నన్ను చూస్తూ పెదవులు కదిపింది. మూడుసార్లు. మధ్యలోది కాస్త గట్టిగా, వత్తు దగ్గర పళ్లు బిగించి.

“ఆఁ, ఏంటక్కా?” అన్నాను.

పక్క మంచం మీద పెద్దావిడ పత్రిక దించి, అటూ ఇటూ చూసింది. “ఎవరూ పిలవందే పలుకుతావేంటమ్మా?”

“పిలిచిందండీ” అన్నాను.

అక్క మళ్లీ పిలిచింది. మళ్లీ పలికాను.